ఏటికి ఎదురెక్కిన కన్ను

సెల్‌టవరు కూలిన వరద అంటే ఆ గోదారి లంకల్లో చిన్నపిల్లాడిక్కూడా తెలుసు. అంతకుముందు వరదల్లో పశువులు పోయాయి, కొబ్బరితోటలు పోయాయి. ఆ వరదలో టవరు పోయింది. తెల్లారేసరికి గోదాట్లోకి ఒరిగి కొంగలకి కూర్చునే చోటైపోయింది. ఓలేటి కొర్లయ్య మనవరాలు లోవకుమారి ఆ ఏడాదే పుట్టింది. ఈ కథ మాత్రం ఆ వరదకి పదిహేడో ఏట, ఏట్లోకి మళ్ళీ ఎర్రనీరు దిగిన ఆషాఢంలో జరిగింది.

ఆ మధ్యాహ్నం తాతా మనవరాలూ పాకలో కూర్చుని వల బాగుచేస్తున్నారు. కొర్లయ్య మాట్లాడే మనిషి కాదు. చేతులు ఆడుతుంటే నోరు ఆడదు ఆయనకి. ఎందుకో తలెత్తి చూశాడు. లోవ వేళ్ళు వల మీద నడుస్తున్నాయి, చిరుగు దొరికిన చోట ఆగుతున్నాయి, ముడి వేస్తున్నాయి. కళ్ళు మాత్రం ఎటో ఉన్నాయి.

"వల ఇటుంటే అటు సూత్తావేంటే?"

"నా చేతులకి కళ్ళున్నాయిలే తాతా. నీ పని నువ్వు చూసుకో."

కొర్లయ్య నవ్వలేదు. మెల్లగా చెయ్యెత్తి ఆ పిల్ల చెంప పక్కగా పెట్టాడు. వేళ్ళు ఆడించాడు. లోవ కదల్లేదు. చెయ్యి ముక్కు ముందుకి వచ్చాక గాని ఉలిక్కిపడలేదు.

"దీపం సుట్టూ రంగులు కనపడతన్నాయా?"

లోవ ముడి బిగించింది. "పదో తరగతి పరీక్షల ముందు నించీ."

"సెప్పలేదే?"

"చెప్తే అమ్మ చదువు మానిపించేస్తాదని."

కొర్లయ్య లేచాడు. పాకలోంచి బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ఆ రోజు నించి ఆయన ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు.

లోవ పుట్టినప్పుడు దాని కళ్ళు చూసి ఊరంతా మురిసిపోయింది. "ఏం కళ్ళే నూకరత్నం! చేరడేసి కళ్ళు. దిష్టి తగిలేస్తాది" అని వచ్చిన ప్రతి ఆడదీ అంది. తల్లి నూకరత్నం పూటకోసారి దిష్టి తీసి పోసేది. బుగ్గమీద చుక్క, అరికాల్లో చుక్క. పిల్లేమో వెలుతురు చూస్తే చాలు, ముఖం తల్లి రొమ్ములో దాచుకుని ఏడ్చేది. కళ్ళమ్మట నీళ్ళు కారేవి. అదీ దిష్టే అనుకున్నారు. నల్లగుడ్డు మీద బియ్యం కడిగిన నీళ్ళలాంటి తెలుపు కమ్ముకున్నాక అప్పుడు పడవెక్కించారు.

సముద్రం ఒడ్డున కంటి ల్యాబు ఉండేది. అందులో డాక్టర్ హైమవతి. అనంతపురం వైపు మనిషి, అప్పటికింకా జుట్టు నల్లగానే ఉంది.

"నీటికాసులు" అందావిడ.

"అది ముసలోళ్ళకి కదండీ వచ్చేది?" అన్నాడు కొర్లయ్య.

"పిల్లలకీ వస్తుందప్పా. ఈ పెద్ద కన్ను అందం కాదు. లోపల నీళ్ళు నిండిపోయి సాగుతా ఉంది."

కంట్లో నీరు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. ఊరిన నీరు ఓ సన్నని దారంట పోతుంది. లోవకి ఆ దారి పుట్టుకతోనే మూసుకుపోయింది. నీరు నిలిచిపోయి, వెనకున్న నరాన్ని నొక్కి నొక్కి చంపేస్తుంది. కోసి దారి చెయ్యొచ్చు. కాని పసిపిల్లల ఒళ్ళు గబగబా మానుతుంది. గాయం మానితే దారి మూసుకుపోతుంది. మళ్ళీ కొయ్యాలి. పుండు మానకూడదని డాక్టరు కోరుకునే జబ్బు అదొక్కటే కాబోలు.

హైమవతి దానికో ఉపాయం కనిపెట్టింది. సముద్రపు చేప రోజంతా ఉప్పునీటిలో ఉండి కూడా ఉప్పుని మొప్పలతో బయటికి తోసేస్తుంది. ఆ మొప్పలోంచి ఆవగింజంత ముక్క తీసి, పిల్ల రక్తంతో కలిపి గాజుపళ్ళెంలో పెంచి, చింతాకంత పొర చేసి కంటి మూల కుట్టేస్తుంది. అది బతికున్న పొర. కంట్లో నీటిని అదే తోడి పోస్తూ ఉంటుంది. మూసుకుపోదు. ఒకే ఒక్క ఆపరేషన్, జీవితాంతం చూపు. అలా అందావిడ. ఆవిడ నమ్మే అంది.

"ఇలస చేప కావాల. సముద్రంలో పట్టింది, ప్రాణంతో" అని కూడా చెప్పింది.

ఇలస సంగతి గోదారి మనుషులకి వేరే చెప్పక్కర్లేదు. సముద్రంలో ఉన్నంతవరకే అది ఇలస. ఎర్రనీరు వచ్చాక, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కి వస్తే పులస. చేప అదే. రుచి వేరు, ధర వేరు, మర్యాద వేరు. ఇలసని చూపించి పులస అని అమ్మేవాళ్ళు బజారు నిండా ఉంటారు. పులసని తెచ్చి ఇలస లెక్కలో ఇచ్చే వెర్రివాడు ఎక్కడా ఉండడు. కొర్లయ్య ఇచ్చాడు.

"నా మనవరాలి కంట్లో ఎట్టేదానికి ఇలసేంటి, నాసిరకం?" అన్నాడు. ఆ ఏడు తన వలలో పడ్డ మొదటి పులసల్ని, రేవులో బేరగాళ్ళు ఎంత మొత్తుకున్నా ఇవ్వకుండా, నావ అడుగున నీళ్ళలో బతికించి ల్యాబుకి తెచ్చాడు. లోవకొక్కదానికే కాదు, ఆ జబ్బుతోనే వచ్చి ల్యాబు పక్క షెడ్డులో దిగిన పిల్లలందరికీ. పైసా పుచ్చుకోలేదు. "పులసండి" అని చెప్పి మరీ ఇచ్చాడు. హైమవతి శాకాహారి. చేపని తిప్పి చూసి "అదే జాతి. అదే చేప" అంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు.

తెల్లబడ్డ కళ్ళు తేటపడ్డాయి. పిల్ల నడిచింది, బడికి వెళ్ళింది, చుక్కలు లెక్కపెట్టింది. ఏటా చూపించుకోమన్నారు. మొదట్లో చూపించుకున్నారు. బాగున్న కంటిని పట్టుకుని అంతదూరం ఎవరు తిరుగుతారు?

ఇప్పుడు లోవని తీసుకుని వెళ్ళేసరికి ల్యాబు వసారా నిండా మళ్ళీ వాళ్ళే. ఆ షెడ్డులో నెలల తరబడి కలిసి వండుకుతిన్న తల్లులే. కాకపోతే చంకలో పిల్లలు ఇప్పుడు మీసాలతో, ఓణీలతో పక్కన కూర్చున్నారు. సత్యవేణి కొడుకు పండుకి ఓ కన్ను అప్పటికే పోయింది.

హైమవతి జుట్టు తెల్లబడింది. లోవ కంటికి మిషను ఆనించి ఒత్తిడి అంకె చూసి, రెండోసారి ఆనించి చూసి, వసారాలోకి వచ్చి నిలబడింది.

"పొర చచ్చిపోలేదు. బాగా బతికే ఉంది. కాని తిరగబడింది. బయటికి తోడాల్సింది లోపలికి లాగుతా ఉంది. తరవాత చేసిన పిల్లలందరూ బాగున్నారు. ఈ మొదటి విడతకే ఎందుకిట్ల అయిందో నాకు తెలీడం లేదు. అందరికీ ఇలసే కదా పెట్టింది."

"ఇలస ఎవరిచ్చారండీ?" అన్నాడు కొర్లయ్య. అన్నేళ్ళయినా ఆ గొంతులో కాస్త దర్జా ఉంది. "నేనిచ్చింది పులస."

"రెండూ ఒకటే కదప్పా?"

వసారా అంతా గొల్లున నవ్వింది.

"ఒకటేనంటారేంటి డాక్టరమ్మగారూ!" అంది సత్యవేణి. "మా అత్తగారు వినుంటే మిమ్మల్ని గుమ్మం ఎక్కనిచ్చేది కాదు!"

"ఆవిడకేం తెల్సుద్దే, పప్పు తినే మనిషి" అని ఇంకొకావిడ.

"ఏటి నీరు తాగితేనే కదండీ అది పులసయ్యేది" అంది సత్యవేణి నవ్వుతూనే. "సముద్రంలో సేప సముద్రంలో సేపే. ఏట్లోకొచ్చాక లోపలంతా మారిపోద్ది..."

హైమవతి నవ్వలేదు. ఆవిడ ముఖం చూసి ఒక్కొక్కరే ఆగారు. సత్యవేణి చెయ్యి కొడుకు భుజం మీదికి వెళ్ళింది.

"సముద్రంలో ఉప్పుని బయటికి తోస్తుంది" అంది హైమవతి నెమ్మదిగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "మంచినీళ్ళలోకి వస్తే ఉప్పు దొరకదు. అప్పుడు మొప్ప తిరగబడి లోపలికి లాగాల. గుడ్లు పెట్టే వయసులో అది మొదలవుతుంది. మీరు తెచ్చిన చేపకి అప్పటికే మొదలై ఉంది. పసిపిల్లల ఒంట్లో అది నిద్రపోయింది. పిల్లలకి వయసొచ్చింది. లేచింది." కొర్లయ్య వైపు తిరిగి, "అదే చేప అన్నది నేను" అంది.

కొర్లయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. మంచిదే ఇచ్చాడు. ఉన్నవాటిలో మంచిదే. ఆ మాట అందామని నోరు తెరిచాడు గాని, పండు చూపు పోయిన కన్ను తనవైపే తిరిగి ఉంది.

కంట్లో ఒత్తిడి తగ్గించే మందు చుక్కలు కొన్నాళ్ళు ఆపుతాయి. అంతలో పాత పొర తీసేసి, అదే ఆపరేషన్‌లో కొత్త పొర వెయ్యాలి. దానికి ఏటి నీరు సోకని ఇలస కావాలి. ల్యాబులో దాచిన పాత కణాలు కరెంటు లేని వరద రోజుల్లో ఎప్పుడో పాడైపోయాయి. పైగా ఏట్లో పట్టిన పులసలా నావ అడుగున బతికించడానికి వీల్లేదు, నడిసముద్రంలో ఇలస వలలో పడీ పడగానే చస్తుంది. ఒడ్డుకి ప్రాణంతో రాదు. "బోటులోనే నేను కోసుకోవాల" అంది హైమవతి.

"ఈ నీళ్ళలో మీరేం వత్తారండీ" అన్నాడు కొర్లయ్య.

"ఇంతకుముందు ఒడ్డున కూర్చునే కదా తప్పు చేసింది."

నది సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. వరద రోజుల్లో మొగ దాటాక కూడా చాలాదూరం ఎర్రనీరే. కొర్లయ్య ఫైబర్ బోటుని మొగ దాటించాడు, లైట్‌హౌసు చిన్నదయిపోయే దాకా తోలాడు. చుక్కాని దగ్గర లోవ. వద్దంటే వినలేదు. "నీకు సాయం ఎవరు? డాక్టరమ్మా?" అంది. డాక్టరమ్మ అప్పటికే బోటు అంచు పట్టుకుని పొద్దున తిన్న ఇడ్లీలు సముద్రానికి ఇచ్చేస్తోంది.

ఓ చోట ఎర్రనీరు గీత గీసినట్టు ఆగిపోయింది. ఆ అవతల పచ్చటి నీరు. రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి, కలవడం లేదు. కొర్లయ్య గీత దాటి ఇంకా పోనిచ్చాడు. చాలు తాతా అన్నా పోనిచ్చాడు. వల వేశాక కూడా ఊరుకోలేదు. నీళ్ళు దోసిట్లోకి తీసి నోట్లో పోసుకుని ఉప్పు చూశాడు. ఉమ్మాడు. మళ్ళీ చూశాడు.

"నువ్వు తాగేసేలా ఉన్నావు సముద్రాన్ని" అంది లోవ.

మొదటి చేప బోటులో పడేసరికే తెల్లటి పొట్ట పైకి పెట్టేసింది. రెండోది హైమవతి చేతిలో ఒక్కసారి కొట్టుకుని ఆగిపోయింది. మూడోదీ అంతే. గాలి మారుతోంది. పడమర మబ్బు లేచింది.

"పైకి తియ్యకు తాతా" అంది లోవ ఉన్నట్టుండి. "నీళ్ళలోనే ఉంచు. నేను పట్టుకుంటాను."

బోటు అంచు మీద బోర్లా పడుకుని రెండు చేతులూ భుజాల దాకా నీళ్ళలో పెట్టింది. వలలో తన్నుకునే చేపని తడుముతూ పట్టుకుంది. చూపక్కర్లేని పని అది. పక్కనే హైమవతి వంగింది, చేతిలో చిన్న కత్తెర. అల వచ్చినప్పుడల్లా ఆవిడ తల నీళ్ళలో మునిగి లేస్తోంది. ఆవిడ నడుం పట్టుకుంటే బాగోదని, లైఫ్‌జాకెట్‌కి తాడు కట్టి, ఆ తాడుని రెండు చేతులా బిగబట్టి కూర్చున్నాడు కొర్లయ్య. ఆ తాడు వదిలితే ఏమవుతుందో తెలుసు గనక చేతులు కోసుకుపోతున్నా వదల్లేదు.

హైమవతి తల ఎత్తింది. ముఖం నిండా నీళ్ళు, చేతుల నిండా నెత్తురు. గాజుసీసాలో ఎర్రటి పోగు ఒకటి ఇంకా కదులుతోంది.

"జన్మలో నోట పెట్టలేదప్పా" అంది ఎగశ్వాసతో. "చేతికి మాత్రం బాగానే అంటుకుంది."

ఆ పోగు గాజుపళ్ళెంలో పెరిగేసరికి శ్రావణం గడిచింది. కొర్లయ్య ల్యాబు వసారాలోనే ఉన్నాడు. పులసల కాలం. రేవులో బేరగాళ్ళు కబురు మీద కబురు పెట్టారు. ఆయన గేటు దాకా నడిచేవాడు, వచ్చేవాడు. వాచ్‌మన్ కుర్చీ ఇస్తే నిలబడేవాడు. నిలబడమంటే కూర్చునేవాడు.

పొరలు తయారయ్యాయని చెప్పడానికి హైమవతి అందర్నీ పిలిచింది. దాచకుండా చెప్పింది. పాత పొర తీసి కొత్తది వెయ్యడం ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. తీసేటప్పుడు లోపల నెత్తురు కమ్మితే ఆ కన్ను అక్కడితో సరి. ముందు ఒకరికి చేసి చూడాలి. అదీ రెండు కళ్ళూ ఇంకా పనిచేసే వాళ్ళకి.

వచ్చిన పిల్లల్లో రెండు కళ్ళూ పనిచేసేది లోవకొక్కదానికే. ఎవరూ పేరు చెప్పలేదు. అందరూ కొర్లయ్యనే చూశారు.

"నా పిల్ల మీద పరీచ్చలేంటండీ" అన్నాడాయన.

"మా పిల్లల మీద అయ్యాయి కదా బాబాయ్" అంది సత్యవేణి. అరవలేదు. "నువ్వు మంచికే ఇచ్చావు. కాదన్నేను. మావోడికి ఉన్నదొక్కటే ఇప్పుడు. అది తీసి ముందెట్టమంటావా?"

కొర్లయ్య లేచి వసారా మెట్లు దిగాడు. మళ్ళీ ఎక్కాడు.

"వద్దండి" అన్నాడు హైమవతితో. "మేం ఎల్లిపోతాం. సుక్కలేసుకుంటాం."

"తాతా, ఇటు రా" అంది లోవ.

వెళ్ళాడు. ఆ పిల్ల ముఖం నేరుగా ఆయనవైపు తిప్పింది, పక్కనించి అయితే కనపడడని.

"అప్పుడు నన్నడిగావా, ఏ చేప పెట్టాలని?"

"పాలు తాగే పిల్లవే. ఎలా అడుగుతాను?"

"ఇప్పుడు తాగట్లేదు కదా. అడుగు."

కొర్లయ్య నోరు తెరిచాడు. జన్మంతా ఎవర్నీ ఏదీ అడగని మనిషి. వసారాలో అందరూ చూస్తూండగా, పైకండువా చేతుల్లో నలుపుకుంటూ అడిగాడు.

"ఏం చెయ్యమంటావే అమ్మడూ?"

"ఎడం కన్ను చెయ్యమను. కుడిది ఉంచుకుంటాను. అది కొంచెం మెరుగు. పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ ఉంది."

సత్యవేణి ఏడ్చింది. లోవ మాత్రం, "ఏడవకు పిన్నీ. బాగోకపోతే తరవాత వంతు మీవోడిదే" అంది. పండు ఫక్కుమని నవ్వాడు. పెద్దవాళ్ళెవరికీ నవ్వు రాలేదు.

ఆపరేషన్ రోజు కొర్లయ్య ల్యాబు చుట్టూ తిరిగాడు. అటు సరుగుడు తోపు, ఇటు ఇసక. తిరిగిన దారి ఇసకలో గాడి పడింది. తలుపు తీశారంటే చాలు, అక్కడికి పరుగు. నూకరత్నం, "ఓ చోట కూకో నాన్నా, నా తల తిరిగిపోతంది" అని కసిరింది. కూర్చున్నాడు. లేచాడు.

లోపల కాస్త నెత్తురు కమ్మింది. ఆగింది. కొత్త పొర కుట్టారు.

కట్టు విప్పిన సాయంత్రం హైమవతి మిషను ఆనించి చూసింది. బల్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయింది. "తోడుతా ఉంది. బయటికే" అంది.

లోవ కళ్ళు చికిలించి తాతని చూసింది. "గెడ్డం గీసుకోలేదేం? దొంగలా ఉన్నావు."

కొర్లయ్య నవ్వబోయి, ఆ పిల్ల పక్కకి జరిగి చెయ్యెత్తి వేళ్ళు ఆడించాడు. లోవ కదల్లేదు.

"అది రాదు" అంది హైమవతి. "చచ్చిన నరం చచ్చిందే. పక్క చూపు పోయింది పోయిందే. మిగిలింది నిలబడుతుంది, అంతే. ఎన్నాళ్ళని అడగకండి. పోయినసారి జీవితాంతం అన్నాను. ఈసారి ఏడాదికోసారి రమ్మంటాను. నేను లేకపోతే ఇంకొకరు చూస్తారు. రావడం మాత్రం మానొద్దు."

"అలాగేనండి" అన్నాడు కొర్లయ్య.

"ఇంకో మాట. షెడ్డులో ఉన్న పిల్లల్లో కొందరు అసలు రానే లేదు. ఫోన్లు పలకడం లేదు. వరదలకి ఊళ్ళే మారిపోయినాయి. బాగున్నామనుకునే వాళ్ళు ఎందుకొస్తారు? ఈ జబ్బు చెప్పి రాదు కదా. మనుషుల్ని పంపిస్తాను, ఎవరు ఎక్కడున్నారో ఏమో."

కొర్లయ్యకి తెలుసు. కోటిపల్లి అవతల లంకలో ఒకళ్ళు, పైన ఇటుకబట్టీల దగ్గర ఒకళ్ళు, ఇంకా పైన పొగాకు తోటల్లో ఒకళ్ళు. ఏటమ్మట తిరిగే మనిషికి ఎవరు ఏ గట్టుకి చేరారో చెవిన పడుతూనే ఉంటుంది. ఆయన ఆ మాట డాక్టరుతో అనలేదు.

మర్నాడు పొద్దున రేవులో బేరగాళ్ళు కొర్లయ్య నావని చూసి ఎదురొచ్చారు. నావలో వల లేదు. ఓ నీళ్ళ సీసా, డీజిలు డబ్బా, అటుకుల మూట ఉన్నాయి. కొర్లయ్య ఇంజను తిప్పి నావని ఏటికి ఎదురు పెట్టాడు. ఎర్రనీరు ముక్కు కింద పొంగుతూ వెనక్కి నెడుతోంది. నావ గట్టు పక్కనే, మనిషి నడిచినంత మెల్లగా పైకి పోయింది.

కోటిపల్లి దాటాక మొదటి లంక రేవులో ఓ ఆడమనిషి అంట్లు తోముతోంది. నావ చూసి నిలబడి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"కొర్లయ్య బాబాయేనా? ఎన్నాళ్ళకి! పులసలు తెచ్చేవా?"

"లేదమ్మా. మీ చిన్నాడేడి?"

"ఇంట్లోనే. ఇంకా లెగలేదు. తలనొప్పంటన్నాడు, ఈ మధ్య రోజూ అదే గోల. ఎందుకు బాబాయ్?"

కొర్లయ్య ఇంజను ఆపాడు. తాడు రాటకి రెండు చుట్లు చుట్టి ముడివేసి, బురదలోకి దిగి గట్టెక్కాడు.

"పద. వోణ్ణి లేపు" అన్నాడు.